చక్రం మూసిన చెయ్యి

నాలుగు నెలల ఎండ తర్వాత మబ్బు పట్టింది. ఊరంతా తలెత్తి చూసి సంతోషించింది. చేపపిల్లల కేంద్రంలో తొట్ల దగ్గర పనిచేసే చిన్నకోడలు మాత్రం మబ్బుని చూసి, వెంటనే తొట్లవైపు చూసింది.

కేంద్రంలో అందరూ ఆమెను చిన్నకోడలనే పిలుస్తారు. ఆమెకి ముందు ఇరవై రెండేళ్లు ఈ తొట్లను చూసుకున్నది ఆమె బావగారు, భర్తకి అన్న. ఉద్యోగంతో పాటు ఈ పిలుపు కూడా ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఆయన ఉద్యోగం పోవడానికి ఆమె రాసిచ్చిన కాగితం ఒక కారణం. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా గుమ్మడికాయల దొంగలా ఆమె తన భుజాలు తనే తడుముకుంటూ ఉంటుంది.

రేకుల కప్పు కింద వరసగా మూడు సిమెంటు తొట్లు. తొట్టికి పదహారు చొప్పున తల్లిచేపలు, ఒక్కోటి మోచెయ్యంత పొడుగు. పొట్టలు గుడ్లతో బరువెక్కి ఉన్నాయి. ఇంకో వారం ఆగితే గుడ్లు తియ్యొచ్చు. వాగులోంచి లావుపాటి గొట్టం వచ్చి మూడుగా చీలుతుంది. ఒక్కో తొట్టికి ఒక్కో ఇనప చక్రం. కుడికి తిప్పితే నీళ్లు ఆగుతాయి, ఎడమకి తిప్పితే వస్తాయి. వాగుకి ఎగువన, గట్టిగా కేకేస్తే వినిపించేంత దూరంలో, కొత్త రోడ్డు వంతెన ఉంది. రోడ్డు మీద పడ్డ నీళ్లన్నీ ఆ వంతెన పక్కనున్న తూములోంచి నేరుగా వాగులోకే దూకుతాయి.

ఆమె మేత ముద్ద చిదిపి మొదటి తొట్టిలో వేసింది. ముక్కు మీద గాటున్న చేప ముందుగా పైకొచ్చింది. అది ఎప్పుడూ అంతే, పిలవని పేరంటానికి ముందే వచ్చే రకం. ఆమె దాన్ని చూసి ముద్దుగా తిట్టి, ఇంకో చిటికెడు వేసింది.

సాయంత్రం నాలుగింటికి చినుకులు పడ్డాయి. పట్టుమని పది నిమిషాలు కూడా లేవు. నేల సరిగా తడవలేదు. ఆమె బకెట్లు కడుక్కోవడానికి వాగు మెట్లు దిగింది. కింది మెట్టు దగ్గర అరచెయ్యంత చేప ఒకటి ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతోంది. ఒక పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుని, మళ్లీ ఒరుగుతోంది. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టింది. అది పారిపోలేదు. వేళ్ల మధ్యకొచ్చి, తగిలి, మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. చేప తన చేతికి భయపడకపోయేసరికి ఆమెకి భయం పట్టుకుంది. పోయినేడాది తొట్లల్లో చేపలూ సరిగ్గా ఇలాగే తిరిగాయి.

బకెట్లు అక్కడే వదిలేసి ఆమె సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"సార్, వాన గట్టిగా పడితే తొట్లకి నీళ్లు ఆపుదామా?"

ఆయన కాగితాల మీంచి తలెత్తాడు. "వానకి చేపలు చస్తాయామ్మా? అవి ఉండేదే నీళ్లల్లో కదా. గొడుగు పట్టమంటావా?"

"వానకి కాదు సార్. ఆ రోడ్డు నీళ్లకి."

"నిన్ననే పరీక్ష చేయించాం. నీళ్లల్లో గాలి సరిపడా ఉంది, సున్నం సరిపడా ఉంది. మనం తాగినా ఏం కాదు." ఆయన గోడ మీది బోర్డు చూపించాడు. "మూడో నంబరు చదువు."

ఆమెకి చూడకుండానే వచ్చు. "చేపలు పైకి తేలి నోళ్లు తెరిచినచో వెంటనే కొత్తనీటిని పూర్తిగా వదలవలెను."

"మీ బావగారు దాన్ని తిరగేసి చేశాడు. చేపలు నోళ్లు తెరుస్తుంటే నీళ్లు కట్టేశాడు. నువ్వే కదా చూశావు?"

"చూశాను సార్."

"చూసింది చూసినట్టు రాసిచ్చావు, మంచిదానివి. ఈసారి నీ గురించి ఇంకొకళ్లు రాసివ్వాల్సిన పని పెట్టకు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. అరిచినా ఆమె అంత భయపడేది కాదు.

ఇంటికొచ్చేసరికి భర్త పెరట్లో చేతులు రుద్దుకుంటున్నాడు. అతను పెద్దరోడ్డు పక్కన టైర్లు మార్చే కొట్లో పనిచేస్తాడు. ఎంత సబ్బు అరగదీసినా గోళ్ల చుట్టూ నలుపు పోదు. ఆమె చెంబుతో నీళ్లు పోస్తూ అడిగింది.

"ఆ రోడ్డు మీద ఏముంటుంది?"

"ఏముంటుంది, దుమ్ము. ఇంకా మా ఓనరుకి అప్పులిచ్చినవాళ్లు." తన మాటకి తనే నవ్వుకుని, ఆమె మొహం చూసి ఆపాడు. "ఏంటి, ఏమైంది?"

"నిజంగానే అడుగుతున్నా."

అతను నురగ చేతులు చూపిస్తూ అన్నాడు. "కొత్త టైరుకి వేలు దూరేంత గాడి ఉంటుంది. తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చేసరికి గుండులా నున్నగా ఉంటుంది. ఆ రబ్బరంతా ఎక్కడికి పోయిందనుకున్నావ్? డ్రైవరు ఇంటికి పట్టుకెళ్లాడా? రోడ్డు మీదే ఉంది. దానికి తోడు బ్రేకుల పొడి, కారిన ఆయిలు. నాలుగు నెలలుగా అన్నీ అక్కడే పడున్నాయి. ఎవరు ఊడుస్తారు?"

"వాన ఊడుస్తుంది," అంది ఆమె. అని చెంబు కింద పెట్టేసింది. అతని చేతుల నురగ అలాగే ఉండిపోయింది.

ఇందులో ఫలానావాడిది తప్పని వేలెత్తి చూపడానికి లేదు. పాలబండి, బస్సు, పిల్లల్ని బడికి దింపే స్కూటరు, తన మొగుడు బిగించిన టైరు, అందరూ తలా పిడికెడు పోసినవాళ్లే. ఎవరినీ తిట్టలేని తప్పుని చూస్తే భయం ఇంకా ఎక్కువగా ఉంటుంది.

బావగారు వసారాలో కూచుని వల బాగుచేస్తున్నాడు. ఉద్యోగం పోయాక, వాగులో చేపలు పట్టుకునేవాళ్ల వలలు తెచ్చి చిరుగులు పూడుస్తున్నాడు. ఏడాదిగా ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే తమ్ముడితో చెప్తాడు. ఆమె వడ్డిస్తే తింటాడు, కంచం మాత్రం తనే కడుక్కుంటాడు. ఆ కంచం చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకి చెంపదెబ్బ తిన్నట్టే ఉంటుంది.

"బావగారూ, ఒకటి అడగనా?"

వల సూది ఆగలేదు.

"పోయినేడాది చక్రాలు ఎందుకు మూశారు?"

"రాసిచ్చావుగా. అందులో ఉండే ఉంటుంది."

"మూశారనే రాశాను. ఎందుకు మూశారో నన్నెవరూ అడగలేదు."

"నన్ను నువ్వూ అడగలేదు."

అది నిజం. ఆమె రాసిచ్చిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. చక్రాలు మూసి ఉన్నాయి. మూసింది ఆయనే. చేపలు నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన అదే తొట్టిలో నీళ్లు ముంచి, అదే తొట్టిలో పైనుంచి పోస్తున్నాడు, పిచ్చెక్కినవాడిలా. అప్పుడామె మేత కలిపే కూలీ. నాలుగు వాక్యాలూ చూసినవే రాసింది. నాలుగు నిజాలు కలిసి ఒక మనిషిని ఇంట్లో కూచోబెట్టాయి.

ఆమె కదలకుండా నిలబడింది. ఆయన దారం కొరికి, తల వంచుకునే అన్నాడు. "రంగు మారదు. వాసన రాదు. మీటరు పెట్టినా తెలీదు. చేపే చెప్పాలి. అది చెప్పేసరికి ఆలస్యమైపోతుంది."

"ప్రతి వానకీ ఇంతేనా?"

"ఎండలు పోయాక వచ్చే మొదటి పెద్దవానకి ఎక్కువ. కడిగిన కంచాన్నే మళ్లీ కడిగితే ఏమొస్తుంది?"

"ఎంతసేపు మూసి ఉంచాలి?"

ఈసారి ఆయన తలెత్తి చూశాడు. "నాకెలా తెలుస్తుంది అమ్మాయ్? నన్ను మూసి ఉంచనిచ్చారా?"

మర్నాడు వాన రాలేదు. మబ్బు అలాగే ఉంది, ఉక్క పెరిగింది. ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకాశాన్ని, తొట్లని మార్చి మార్చి చూసి మెడ పట్టేయించుకుంది. ఎదురుచూసే భయం కన్నా మీదపడ్డ భయమే నయమనిపించింది.

ఆ మర్నాడు పొద్దున పది గంటలకి పడింది. రేకుల మీద గులకరాళ్లు గుమ్మరించినట్టు ఒక్కసారిగా పడింది. అయిదు నిమిషాల్లో వంతెన తూము గర్జించడం మొదలుపెట్టింది. కరెంటు పోయింది. తొట్లలోకి గాలి కొట్టే మోటారు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. సూపరింటెండెంటు ఇంకా రాలేదు.

ఆమె మొదటి చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. చేపలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు మూసేస్తే, గాలి మోటారు కూడా లేదు కాబట్టి, ఊపిరాడక చస్తే ఆ పాపం తనదే. మూయకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావగారు ముందే మూయమన్నట్టే చెప్పాడు. కానీ ఏమీ కాకముందే మూస్తే, ఎందుకు మూశావంటే ఏం చూపించాలి? మబ్బునా? పిరికితనంతో ఆమె ఆగింది. ఒక పావుగంట ఆగింది.

ముక్కు మీద గాటున్న చేప పైకొచ్చింది. మేత కోసం కాదు. నోరు తెరిచి, మూసి, తెరిచి, గుండ్రంగా తిరిగి సిమెంటు గోడకి గుద్దుకుంది. దాని వెనక ఇంకోటి. ఇంకో మూడు.

అప్పుడు ఆమె చెయ్యి దానంతట అది పనిచేసింది. ఏడాదిగా మూడో నంబరుకి అలవాటుపడ్డ చెయ్యి అది. చక్రాన్ని ఎడమకి, పూర్తిగా తిప్పింది. వాగు నీళ్లు ఒక్క ఉదుటున తొట్టిలోకి దూకాయి. తేటగా, చల్లగా ఉన్నాయి. చూస్తుంటే తనకే తాగాలనిపించేలా ఉన్నాయి. చేపలు ఇంకా వేగంగా తిరిగాయి.

ఏం చేసిందో తెలియడానికి ఆమెకి అర నిమిషం పట్టింది. చక్రాన్ని కుడికి తిప్పి బిగించింది. అక్కణ్ణుంచి పరుగెత్తి మూడోది మూసింది, వెనక్కొచ్చి రెండోది మూసింది. రెండో తొట్టిలో రెండు చేపలు అప్పటికే పైకి తేలి ఉన్నాయి.

గేటు దగ్గరుండే ముసలి కాపలాదారు గోనెసంచి నెత్తిన వేసుకుని వచ్చాడు. "ఏం చేస్తున్నావే చిన్నకోడలా?"

"మూస్తున్నాను."

"ఓరి దేవుడా. నేనేం చూడలేదు." అతను నిజంగానే గోడవైపు తిరిగాడు.

"చూడు తాతా. చూసి గుర్తు పెట్టుకో. ఎవరైనా అడిగితే మొదట్నుంచి చివరిదాకా చెప్పు, మధ్యలోది ఒక్కటే చెప్పకు."

ఆమె బకెట్ తీసుకుంది. రెండో తొట్టిలో ముంచి, భుజం ఎత్తుకి లేపి, సన్నటి ధారగా అదే తొట్టిలోకి పోసింది. ధార పడ్డచోట బుడగలు లేచాయి. ఆ బుడగల దగ్గరికి చేపలు వచ్చాయి. ఇదన్నమాట ఆయన చేసింది. అదే నీళ్లలోకి గాలి ఎక్కించడం. ముంచడం, లేపడం, పొయ్యడం. రెండో తొట్టికి ఇరవై బకెట్లు, మూడోదానికి ఇరవై, మళ్లీ రెండోదానికి. మొదటి తొట్టివైపు చూడకూడదనుకుంది. చూడకపోయినా చప్పుడు వినిపిస్తూనే ఉంది, చేపలు సిమెంటుకి కొట్టుకునే చప్పుడు. ముందు గబగబా, తర్వాత ఆగి ఆగి. ఒకసారి అసలు వినిపించలేదు. ఆమె బకెట్ ఆపలేదు, కానీ గట్టిగా ఏడ్చింది. వానలో ఎవరికీ వినపడదు కదాని ఇంకా గట్టిగా ఏడ్చింది.

కాసేపటికి పక్కన ఇంకో బకెట్ నీళ్లు పడ్డాయి. కాపలాదారు. "నా నడుం విరిగితే నువ్వే మందు రాయించాలి," అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సూపరింటెండెంటు గొడుగుతో వచ్చాడు. మొదటి తొట్టిలో పదహారు తెల్లటి పొట్టలు. మిగతా రెండింట్లో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. చక్రాలు మూసి ఉన్నాయి. ఆయన మొహం పాలిపోయింది.

"తెరువు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీక్కూడా పిచ్చి పట్టిందా? కుటుంబం మొత్తం ఇంతేనా? తెరవమంటున్నాను."

"మీరు తెరవండి సార్." "నేను రాసిస్తాను. చక్రాలు ఫలానా టైముకి నేను మూశాను. ఫలానా టైముకి మీరు తెరిచారు. అప్పటిదాకా ఎన్ని బతికున్నాయో, తర్వాత ఎన్ని బతికున్నాయో రాస్తాను. తాత సాక్షి."

కాపలాదారు గోడవైపు తిరగలేదు. బకెట్ పట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు.

సూపరింటెండెంటు వచ్చి రెండో చక్రం పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఆ చక్రాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది, ఎటు తిప్పాలో చూసుకున్నాడు. తర్వాత మొదటి తొట్టివైపు చూశాడు.

"దీని చక్రం కూడా మూసే ఉందిగా."

"ముందు తెరిచే ఉంది సార్. చేపలు నోళ్లు తెరవగానే నేనే పూర్తిగా తెరిచాను. మూడో నంబరు ప్రకారం."

వాన రేకుల మీద పడుతూనే ఉంది. ఆయన చక్రాన్ని పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఇంతసేపూ ఆమెది అనుకున్న భయం అక్కణ్ణుంచి నడిచి ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన చెయ్యి తీసేశాడు. అరచేతికి అంటిన తుప్పుని ప్యాంటుకి తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

ఎంతసేపు మూసి ఉంచాలో చెప్పేవాళ్లు లేరు. ఆమె వాగు నీళ్లు అందని చేపపిల్లల తొట్టిలోంచి ఒక చిన్న చేపని తెచ్చి, వాగు నీళ్ల బకెట్‌లో వేసి చూసింది. అది ఒరిగిపోయింది. గంటన్నర ఆగి ఇంకోదాన్ని వేసింది. అదీ ఒరిగింది. నాలుగున్నరకి వేసింది నిటారుగా ఈదింది. దాన్ని చీకటిపడే వేళ దాకా కన్నార్పకుండా చూసింది. అప్పుడు చక్రాలు ఎడమకి పావు చుట్టు తిప్పింది. తల్లిచేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. రెండో తొట్టిలో ఒకటి మాత్రం దిగలేదు.

వెళ్లేముందు సూపరింటెండెంటు పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. తన ఆదేశాల మేరకు సకాలంలో నీటిని నిలిపినందువల్ల రెండు తొట్లు దక్కాయని అందులో ఉంది. కింద ఆమె సంతకానికి చోటు.

"నీకూ మంచిదే," అన్నాడు ఆయన, మెత్తగా. "పాతది తవ్వుకోకుండా అయిపోతుంది."

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. సంతకానికి వదిలిన చోట సంతకం పెట్టకుండా రాయడం మొదలుపెట్టింది. పోయినేడాది మొదటివానకి మా బావగారు రెండో, మూడో చక్రాలు మూశారు. మూసి ఉన్నంతసేపూ ఆ తొట్లలో చేపలు బతికే ఉన్నాయి. సూపరింటెండెంటు గారు తెరిపించాక చచ్చిపోయాయి. ఇది నేను కళ్లారా చూశాను. అప్పుడు నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కింద సంతకం పెట్టింది.

ఆయన చదివాడు. "ఇది పైకి పోతే నేనుండను. నువ్వూ ఉండవు, నీ ఉద్యోగం మీ బావగారిది."

"తెలుసు సార్."

ఆయన దాన్ని చింపలేదు, పంపుతాననీ అనలేదు. సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆమె తాళంచెవివైపు చూసింది. నోరు తెరవడం తన చేతిలో పని, సొరుగు తెరవడం కాదు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. ఆమె వసారాలో బావగారి ముందు నిలబడి అంతా చెప్పింది, ఎడమకి తిప్పిన అర నిమిషంతో సహా. పదిహేడు పోయాయి, ముప్పై ఒకటి ఉన్నాయి అని చెప్పింది. కాగితం గురించి చెప్పింది.

సూది ఆగింది. "ఏడాది పట్టింది నీకు," అన్నాడు ఆయన.

"పట్టింది బావగారూ."

ఇంకేమైనా అంటాడని చూసింది. తిట్టినా బాగుండేది. ఆయన వల పక్కకి నెట్టి లేచాడు. "వాగు చూశావా?"

చూడలేదు. తొట్లు బతికాయన్న ధ్యాసలో వాగు గుర్తే రాలేదు. ఇద్దరూ నడిచారు, ఆయన ముందు, ఆమె వెనక. మలుపు తిరగ్గానే ఆమె ఆగిపోయింది. రెండు ఒడ్లకీ చేపలు. గడ్డిలో, రాళ్ల మధ్య, చెట్ల వేళ్ల కింద, తెల్లగా, కంటిచూపు ఆనినంత దూరం. గోరంతవి, జానెడువి. తొట్లకి చక్రాలున్నాయి, మూసుకున్నారు. వీటికి ఎవరు మూస్తారు?

నీళ్లలో ఒక పదిమంది దాకా దిగి ఉన్నారు. సంచులు నింపుకుంటున్నారు. నవ్వుకుంటున్నారు, ఉచితంగా వచ్చిన వేట మరి. ఆ చేపలు తింటే ఏమవుతుందో ఆమెకి తెలీదు. తెలీకపోవడమే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"తియ్యకండి," అంటూ ఆమె మెట్లు దిగింది. "తినకండి. ఆ నీళ్లల్లో ఏదో ఉంది. రోడ్డు మీంచి వచ్చింది."

ఒకతను నీళ్లు దోసిట్లోకి తీసి చూపించాడు. "ఏముంది ఇందులో? అద్దంలా ఉంటేనూ. కేంద్రంవాళ్లకి తొట్లు చాలవా, వాగు కూడా కావాలా?"

మిగతావాళ్లు నవ్వారు. నవ్వి ఆమెవైపు చూశారు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. పోయినేడాది, బకెట్ ఎత్తి పోస్తున్న ఒక మనిషిని తను అలాగే చూసింది. రంగు లేదు, వాసన లేదు, చూపించడానికి ఏమీ లేదు.

వెనక నీళ్ల చప్పుడైంది. బావగారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఈ అమ్మాయి తొట్ల మనిషి," అన్నాడు. "నిన్నటి వానకి మొదట్నుంచి చివరిదాకా అక్కడే ఉంది. అన్నీ చూసింది. ఆమె చెప్తే వినండి."

ఒకావిడ తన సంచిలోకి ఒకసారి చూసుకుని, దాన్ని ఒడ్డు మీద బోర్లించింది. మిగతావాళ్లు బోర్లించలేదు. చిన్నకోడలు వంగి ఆ చేపల్ని ఏరడం మొదలుపెట్టింది. కళ్లు మసకలు కమ్మి ఏది చేపో ఏది రాయో తెలియలేదు. బావగారు గట్టు మీద పడున్న గంప తెచ్చి ఆమె దగ్గర పెట్టి, రెండో పక్కనుంచి తనూ ఏరాడు.